పుచ్చు వంకాయలూ, 1939 రూపాయీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, నకిలీ నాణేలు. "ఇది ఎంత పలుకుతుంది" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు గానీ, "ముందు ఇది అసలుదేనా" అని అడగడం ఈమధ్యే మొదలైంది. మంచిదే. అందుకని మిగతావి వచ్చే నెలకి వాయిదా వేసి మొత్తం చోటు వీటికే ఇచ్చాను. పొడుగు ఉత్తరాలు కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక బీరువాలో ఒక రేకు డబ్బా దొరికింది. నలభై దాకా పాత వెండి రూపాయలున్నాయి. అందులో ఆరో జార్జి బొమ్మతో 1939 నాటిది ఒకటి. అది చాలా అరుదని విని పాత నాణేలు కొనే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, ఈ సంవత్సరానివి మా దగ్గరికి వచ్చేవాటిలో డూప్లికేట్లే ఎక్కువ, వెండి ధర ఇస్తా, ఇష్టమైతే ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. ఇది మా నాన్నగారు దాచుకున్నది, నేను ఎక్కడా కొన్నది కాదు. ఎవరో దొంగ నాణేలు చేస్తే నా నాణెం ధర ఎందుకు తగ్గాలండీ?
— రిటైర్డ్ టీచర్, తణుకు

జవాబు: మాస్టారూ, మీ కోపం న్యాయమే, కానీ ఆయన మాటలోనూ ఎంతోకొంత న్యాయం ఉంది. ఒకసారి సంతలో వంకాయల బుట్ట ముందు కూర్చున్నామనుకోండి. పైకి అన్నీ నిగనిగలాడుతుంటాయి, పుచ్చు లోపలుంటుంది, ఇంటికెళ్ళి కోస్తే గానీ బయటపడదు. నాలుగింట్లో రెండు పుచ్చులే వస్తున్నాయని తెలిశాక కిలోకి పూర్తి రేటు పెడతామా? పెట్టం, సగానికి అడుగుతాం. అప్పుడు మంచి కాయ పండించిన రైతు ఏం చేస్తాడు, ఆ సగం రేటుకి ఇవ్వలేక బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోతాడు. వాడు వెళ్ళాక సంతలో మిగిలేది ఇంకా ఎక్కువ పుచ్చు, దాంతో రేటు ఇంకా దిగుతుంది. మీ 1939 రూపాయికి జరిగింది సరిగ్గా ఇదే. మీరే ఆ రైతు. కాకపోతే వంకాయనైతే కోసి చూపించొచ్చు, నాణేన్ని కోయలేం.

లెక్కలో పెట్టి చూద్దాం. ఇవి నేను ఊరికే అనుకుంటున్న అంకెలు, మార్కెట్ రేట్లు కావు. అసలైన నాణెం లక్ష రూపాయలు చేస్తుంది, తేడా పట్టలేని కొనుగోలుదారుడి ముందుకి వచ్చే పదింట్లో ఆరు నకిలీలు. వాడు పెట్టగలిగేది మహా అయితే నలభై వేలు, ఆ పైన పెడితే జూదమే. ఇంక కొనేవాడు వ్యాపారి అయితే, రేపు తను అమ్మినప్పుడు ఎవరైనా నకిలీ అని వెనక్కి తెస్తే డబ్బు తిరిగివ్వాలి, పరువు కూడా పోతుంది, ఆ భయానికి కూడా కొంత కోస్తాడు. అలా కోసుకుంటూ కోసుకుంటూ వస్తే చివరికి మిగిలేది వెండి ధర. వెండి మాత్రం ఎవడూ అబద్ధం అనలేడు కదా.

ఇంతకీ ఈ నకిలీవాళ్ళు 1939 మీదే ఎందుకు పడ్డారంటారా? 1939 దాకా రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది. యుద్ధం రావడంతో 1940 నుంచి 50 శాతానికి దించారు, 1947లో అదీ తీసేసి నికెల్ రూపాయి తెచ్చారు. అంటే మంచి వెండి రూపాయల వరుసలో 1939 ఆఖరుది, పైగా బయటికి వచ్చినవి బహు తక్కువ. దాని ముందటి 1938 రూపాయి మాత్రం వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు కాయితం మీద 8 అంకె రాసి, కింది సున్నాకి ఎడమ పక్క గీతని రబ్బరుతో చెరిపి చూడండి. 9 అయిపోయింది కదా! చేయి తిరిగిన కంసాలికి అదే పని వెండి మీద పెద్ద కష్టం కాదు. ఈ మోసంలో ఉన్న గమ్మత్తేమిటంటే నాణెం మిగతాదంతా అసలుదే. వెండి అసలు, బరువు అసలు, మోత అసలు, రాజుగారి ముఖం అసలు, ఒక్క అంకె మాత్రమే అబద్ధం. కాబట్టి తూచి చూశాం, గీటురాయి మీద గీసి చూశాం అంటే ఇక్కడ పనికిరాదు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద ఆ 9 తోకనీ, దాని పక్కనున్న నున్నటి చోటునీ చూడాలి. అక్కడ చిన్న గోకుడు, చుట్టూ ఉన్న పాత నలుపు మధ్య ఆ ఒక్కచోటే కొత్త మెరుపు, లేదా మిగతా మూడు అంకెల కన్నా ఆ అంకె పల్చగా ఉండటం, ఇలాంటివి కనిపిస్తే అనుమానించాల్సిందే. కొందరు ఇంత కష్టం కూడా పడకుండా మొత్తం నాణేన్నే అచ్చు తీసి పోత పోస్తారు, అవి చాలావరకు సులువుగానే దొరికిపోతాయి.

నకిలీల గండం మన ఒక్క రూపాయికే పట్టింది కాదు. 1980ల చివర్లో బల్గేరియా వైపు నల్లసముద్రం ఒడ్డున ఉండిన ప్రాచీన గ్రీకు పట్టణాల వెండి నాణేలంటూ చిన్న చిన్నవి గుట్టలుగా బజారుకొచ్చాయి. పాతిపెట్టిన నిధి దొరికిందన్నారు, పెద్ద పెద్ద వ్యాపారులే కొన్నారు. అసలువేనని కొందరు, కాదని కొందరు చాలాకాలం వాదించుకున్నారు, చివరికి నకిలీలని తేల్చారు. ఆ దెబ్బకి అదే రకం అసలు నాణెం ఎవరైనా తెచ్చినా ముందు దొంగని చూసినట్టు చూస్తారు. పాపం ఆ నాణెం ఏం చేసింది చెప్పండి.

సరే, మీరు చేయాల్సింది. మొదటిది, దాన్ని తోమకండి. చింతపండు, విభూతి, పళ్ళపొడి ఏదీ వద్దు, ఏళ్ళ తరబడి పట్టిన నలుపే మీ సాక్షి, తోమేస్తే ఆ సాక్షిని మీరే చంపుకున్నట్టు. రెండోది, నాన్నగారి పాత పద్దుల పుస్తకాల్లోనో, డబ్బాలోనే ఏ చీటీ మీదనో ఈ రూపాయల ప్రస్తావన ఉందేమో వెతకండి, ఎప్పటినుంచి ఎవరి దగ్గరుంది అని చెప్పే కాయితం ముక్క ఏదైనా సరే ఈ బజారులో డబ్బుతో సమానం. మూడోది, ఈ ఒక్క నాణేన్ని పరీక్షకి పంపండి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ అని రెండు అమెరికా సంస్థలున్నాయి, చూసి అసలుదని తేలితే నంబరు వేసి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తాయి. లేదంటే పేరున్న నాణేల వేలం సంస్థకి చూపించండి, అసలుదని పూచీ పడి అమ్మేవాళ్ళ దగ్గర పాడుకునేవాడు ధైర్యంగా పాడతాడు. మిగతా ముప్పై తొమ్మిదింటికీ ఈ ఖర్చు దండగ. అవి మామూలు సంవత్సరాలవైతే వెండి ధర మీద కాస్త ఎక్కువ వస్తుంది, అంతే, వాటికి నకిలీల బెడదా తక్కువే. ఇప్పుడు మీ ప్రశ్నకి సూటిగా జవాబు: నకిలీలు పెరిగాక అసలు నాణేనికి రెండు ధరలు వచ్చాయి, రుజువు ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి. మీ చేతిలో ఉన్నది రెండో ధర. మొదటిది కావాలంటే ఖర్చూ తిప్పటా మీవే, అన్యాయమే, కానీ వేరే దారి లేదు.

ఫోటో చూసి చెప్పమని కూడా రాశారు. చెప్పను మాస్టారూ. ఫోటోలో 9 తోక ఎవరికీ కనబడదు.

ప్రశ్న: మా అత్తగారు నాకు ఇచ్చిన కాసులపేరులో పద్దెనిమిది సవర్లున్నాయి (సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణేలు), గుర్రం మీద కూర్చుని ఒకతను డ్రాగన్‌ని పొడుస్తున్న బొమ్మవి. మొన్న రెండు తెగితే అతికించడానికి షాపుకి తీసుకెళ్ళాను. వాళ్ళు మిషన్‌లో పెట్టి చూసి "బంగారం 22 క్యారెట్లే అమ్మా, కానీ వీటిలో నాలుగైదు అసలు బ్రిటిష్ సవర్లు కావు" అన్నారు. ఇదేం మాట? బంగారం సరిగ్గా ఉంటే నకిలీ ఎలా అవుతుంది? అప్పట్నుంచీ ఒకటే టెన్షన్, మా అత్తగారికి చెప్పాలో వద్దో తెలియట్లేదు.
— గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, అత్తగారికి చెప్పకండి, అవసరం లేదు! మీరు నష్టపోయింది ఏమీ లేదు. ఎందుకో చెబుతాను, ఈ సంగతి వినడానికి కూడా బాగుంటుంది.

సవర బరువు 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, అందుకే మనవైపు ఇప్పటికీ కాసు అంటే ఎనిమిది గ్రాములంటారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లండన్ టంకశాల సవర్లు కొట్టడం దాదాపు మానేసింది. కానీ అరబ్బు దేశాల్లోనూ గ్రీసు వైపూ జనం కాయితం నోట్లని నమ్మక సవర్లే కావాలన్నారు. దాంతో సవర ధర అందులో ఉన్న బంగారం ధర కన్నా బాగా పైకి పోయింది. దొంగకి అదే చాలు. 1950ల్లో ఇటలీలో, లెబనాన్‌లో పూర్తి బంగారంతోనే సవర్లు కొట్టేశారు. బంగారంలో కల్తీ చేయాల్సిన పనేముంది, బంగారం ధరకి కొని సవర ధరకి అమ్మితే మధ్యలో తేడా అంతా లాభమేగా. ఆ బెడద తట్టుకోలేకే, చేతిలో ఉన్న విద్య కూడా పోకుండా, 1957లో లండన్ టంకశాల మళ్ళీ సవర్లు కొట్టడం మొదలెట్టింది. సరుకు మార్కెట్లోకి దిగేసరికి ఆ తేడా కరిగిపోయింది, దొంగలకి గిట్టుబాటు కాకుండా పోయింది.

ఇక మీ కాసులపేరు సంగతి. కాసు మీద కొక్కెం అతికించిన క్షణంలోనే అది నగ అయిపోయింది, నాణేలు సేకరించేవాడు దానికి బంగారం పైన ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు, అసలుదైనా ఇవ్వడు. కాబట్టి అసలు కాసూ నకిలీ కాసూ మీ మెడలో ఒకటే విలువ. నకిలీ ఎప్పుడూ కొరికేది లోహం ధర పైనున్న భాగాన్నే, మీ కాసుల్లో ఆ భాగం ఏనాడో పోయింది. సరదాకి ఒక పని చేయండి, 1918 అని ఉన్న కాసు ఏదైనా ఉంటే గుర్రం కాళ్ళ కింద నేల గీత మీద చిన్న ఇంగ్లీషు ఐ అక్షరం ఉందేమో చూడండి. ఉంటే అది మన బొంబాయిలో కొట్టిన సవర. బొంబాయి సవర్ల మీద 1918 తప్ప వేరే ఏడాది ఉండదు.

ప్రశ్న: సార్, మా ఊళ్ళో ఒకతని దగ్గర 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం ఉంది, ఒక పక్క రాముడు సీత లక్ష్మణుడు హనుమంతుడు. బియ్యం గింజలు దగ్గర పెడితే లాగేసుకుంటుంది, నా కళ్ళతో చూశాను. పరీక్ష చేయించడానికి పది మంది కలిసి తలా రెండు లక్షలు వేసుకుంటే కోట్లు వస్తాయంటున్నారు. నన్నూ చేరమంటున్నారు.
— ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: చేరకండి. ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ పత్రిక పక్కన పడేసి నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి.

కంపెనీ టంకశాలలు ఇలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. ఇవి తర్వాతెప్పుడో భక్తుల కోసమో అమ్ముకోవడానికో చేసిన బిళ్ళలు, 1616 అనీ 1717 అనీ 1818 అనీ ఏ తేదీ తోస్తే ఆ తేదీ వేసేశారు. కంపెనీ పేరుతో అణా లెక్కన నాణేలు దేశమంతా ఒకే తీరుగా రావడం 1835 తర్వాతి మాట. బియ్యం సంగతంటారా, గింజలకి ముందే ఇనప పొడి పట్టించి బిళ్ళ కింద అయస్కాంతం దాచితే ఎవరి బియ్యమైనా లాగుతుంది. మీ ఇంటి డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసుకెళ్ళి మీ చేత్తో మీరే పోయండి, అప్పుడు లాగమనండి చూద్దాం. రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కేసులు పెట్టారో, అయినా కొత్త వాళ్ళు దొరుకుతూనే ఉన్నారు. దీన్ని నకిలీ నాణెం అనడానికి కూడా నాకు మనసొప్పడం లేదు, నకిలీ కావాలంటే అసలు అంటూ ఒకటి ఉండాలిగా!

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ సెకండియర్. ఆదివారం పూట రోడ్డు పక్కన పాత సామాన్లు అమ్మే చోట చార్మినార్ రూపాయి ఒకటి కొన్నాను. వెండి ధర కన్నా కొంచెం తక్కువకే ఇచ్చాడు. ఇంట్లోనే చెక్ చేసుకునే మార్గం ఏమైనా ఉందా? హాస్టల్లో ఉంటాను, పెద్ద ఖర్చు పెట్టలేను.
— విద్యార్థి, హైదరాబాద్

జవాబు: వెండి కన్నా తక్కువకి వెండి ఎవడిస్తాడు తమ్ముడూ? ఆ ఒక్క మాటలోనే నీ జవాబు సగం ఉంది. అయినా చేసి చూద్దాం, ఇదొక సరదా.

నిజాం ప్రభుత్వం హాలీ సిక్కా పేరుతో కొట్టిన చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి కన్నా కొంచెం తేలిక, అది 11.66, అంటే సరిగ్గా పాతకాలపు తులం. రెండు దశాంశాలు చూపే చిన్న తూకం మిషన్ ఆన్‌లైన్లో చవగ్గానే వస్తుంది, రూమ్మేట్స్ అందరూ తలా కొంచెం వేసుకోండి. ముందు నాణెం తూచు. వాడుకలో అరిగి ఉంటే గ్రాములో ఓ పది పదిహేను వందో వంతులు తగ్గొచ్చు, అర గ్రాము తేడా వస్తే మాత్రం కథ తేడాగా ఉన్నట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. గాజు గ్లాసులో సగం నీళ్ళు పోసి మిషన్ మీద పెట్టి సున్నా చెయ్. సన్నటి దారంతో నాణేన్ని కట్టి, చేత్తో పట్టుకుని, నీళ్ళలో పూర్తిగా మునిగేలా దించు, అడుక్కీ గ్లాసు గోడకీ తగలకూడదు. బుడగలు అంటుకుంటే దులిపెయ్. మిషన్ ఒక అంకె చూపిస్తుంది, అది నాణెం పక్కకి తోసిన నీళ్ళ బరువు. నిజమైన చార్మినార్ రూపాయికి అది 1.10 దగ్గర రావాలి, 1939 దాకా వచ్చిన బ్రిటిష్ వెండి రూపాయైతే 1.13 దగ్గర. ఇత్తడి మీదో జర్మన్ సిల్వర్ మీదో వెండి పూత పూసినదైతే 1.30 చుట్టుపక్కల చూపిస్తుంది, ఎందుకంటే అవి వెండి కన్నా తేలిక లోహాలు, అదే బరువు రావాలంటే ఎక్కువ చోటు కావాలి. ఆ తేడా కంటికి కనబడదు, నీళ్ళు మాత్రం దాచవు.

ఇందులో పాసైనా సంబరపడిపోకు. వెండితోనే పోత పోసిన నకిలీ ఈ పరీక్ష పాసవుతుంది. దానికి అంచు చూడాలి, చుట్టూ ఉండే సన్న గీతల మధ్య ఒక చోట అతుకు గీత కనిపిస్తే, లేదా నున్నగా ఉండాల్సిన చోట సూది మొన పెట్టి పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుంటే అది పోత. చార్మినార్ ద్వారంలో ఉన్న ఉర్దూ అక్షరం కూడా చూడు, మహబూబ్ అలీ ఖాన్ కాలందైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలందైతే ఐన్ ఉండాలి. నకిలీ చేసేవాడికి ఉర్దూ రాకపోతే ఆ అక్షరం వంకరపోతుంది, పక్కనున్న హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరం ఒక నవాబుదీ అక్షరం ఇంకో నవాబుదీ అయిపోతుంది. ఫలితం ఏమైందో రాయి. సైఫాబాద్‌లో ఇవి కొట్టిన పాత టంకశాలనే మ్యూజియం చేశారు, తెరిచి ఉన్నప్పుడు వెళ్ళి మంచి నాణేన్ని కళ్ళారా చూసిరా, వంద వీడియోల కన్నా అది మేలు.

ప్రశ్న: యూట్యూబ్‌లో పాత 2 రూపాయల నాణేనికి 5 లక్షలు, వైష్ణోదేవి 5 రూపాయల నాణేనికి 10 లక్షలు అంటున్నారు. రిజర్వు బ్యాంకు వాళ్ళే కొంటారట, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు.
— పేరు వద్దన్నారు, అనంతపురం

జవాబు: రిజర్వు బ్యాంకు పాత నాణేలు ఇలా కొనదు, కమీషన్ అడగదు, తన పేరు చెప్పుకుని డబ్బు అడిగేవాళ్ళని నమ్మొద్దని 2021 ఆగస్టు 4న ప్రకటన కూడా ఇచ్చింది. ఫీజు కట్టకండి. ఆ 2 రూపాయలతో టీ కూడా రాదు, అదీ దాని ధర.

ప్రశ్న: నమస్తే అండీ. నేను ఇక్కడ అమెరికన్ నాణేలు సేకరిస్తాను. మొన్న ఒక ప్రదర్శనలో ఒకాయన "ఇది నకిలీ" అని చీటీ పెట్టి మరీ 5 సెంట్ల నాణెం ఒకటి అమ్ముతున్నాడు, అదీ 5 సెంట్లకి ఎన్నో రెట్లు! నకిలీకి కూడా విలువ ఉంటుందా? ఇంకో మాట, ఈసారి ఇండియా వచ్చినప్పుడు మా తాతగారి చార్మినార్ రూపాయలు తెచ్చుకుందామనుకుంటున్నాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీరు చూసింది బహుశా మీ న్యూజెర్సీ వాడి చేతిపనే అయ్యుంటుంది! ఫ్రాన్సిస్ హెనింగ్ అనే ఆయన 1950ల్లో 5 సెంట్ల నికెల్ నాణేలు దొంగగా కొట్టాడు. దొరికిపోయిన తీరు చూడండి, తన నాణేల మీద 1944 అని వేసుకున్నాడు, యుద్ధకాలంలో ఆ నాణెం వెనక భవనం గుమ్మటం పైన టంకశాల గుర్తు పెద్ద అక్షరంగా వేసేవారన్న సంగతి మర్చిపోయాడు. గుర్తు లేని 1944 నాణెం చూడగానే సేకర్తలు పట్టేశారు. కథ ఉంది కాబట్టి ఇప్పుడు దాన్ని డబ్బిచ్చి కొంటున్నారు.

జర్మనీలో కార్ల్ బెకర్ అని ఇంకొకాయన, 1772లో పుట్టి 1830లో పోయాడు, ప్రాచీన నాణేల అచ్చులు వందల్లో చెక్కాడు. కొత్తగా కొట్టిన నాణేలకి పాత కళ రావడానికి ఇనప రజను నింపిన పెట్టెలో వేసి గుర్రబ్బండి ఇరుసుకి కట్టి ఊరంతా తిప్పేవాడట. ఆ అచ్చులు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి, ఆయన నకిలీలకి వేరే గిరాకీ ఉంది. అయితే ఒకటి గమనించండి, ఈ రెండింటికీ విలువ వచ్చింది నకిలీలని అందరికీ తెలిశాకే. చీటీ తీసేసి అమ్మితే మళ్ళీ మోసమే. మీ దగ్గర 1973 నుంచీ చట్టమే ఉంది, పాత నాణేన్ని పోలినది ఏదైనా చేసి అమ్మితే దాని మీద కాపీ అని ముద్ర ఉండాలి. ఆన్‌లైన్లో దూరదేశాల నుంచి వచ్చేవాటి మీద ఆ ముద్ర వెతకండి, చాలాసార్లు ఉండదు. ఇంకో జాగ్రత్త, సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బీలకి కూడా ఇప్పుడు నకిలీలొచ్చేశాయి, నంబరు ఆ సంస్థ సైట్లో కొట్టి అక్కడున్న ఫోటోతో మీ నాణెం మీది గీతలు సరిపోతున్నాయో లేదో పోల్చుకోండి. నంబరు నిజమైనదే దొంగిలించి వేస్తారు, ఫోటో దగ్గర దొరికిపోతారు.

తాతగారి రూపాయల సంగతి మాత్రం ఆగండి. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, సొంతదైనా సరే దేశం దాటించకూడదు. చార్మినార్ రూపాయలు 1903 ప్రాంతం నుంచీ ఉన్నాయి, ఒక్కో దాని మీద హిజ్రీ సంవత్సరం చూసుకుని లెక్క కట్టండి. విమానాశ్రయంలో తలనొప్పి ఎందుకు, అవి ఇక్కడే మీ వాళ్ళింట్లో ఉండనివ్వండి.

ప్రశ్న: నేను ముప్పై వేలు పెట్టి కొన్న నాణెం నకిలీ అని తేలింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. నాకు తెలియక కొన్నట్టే ఇంకొకరికి అమ్మేస్తే తప్పేమిటి? నా డబ్బు నాకు రావాలి కదా.
— వ్యాపారి, వరంగల్

జవాబు: మీరు కొన్నప్పుడు మీకు తెలియదు, అమ్మేటప్పుడు తెలుసు. తేడా అదే. తెలిసి అసలుదని చెప్పి అమ్మితే అది మోసం, పాత 420 సెక్షను ఇప్పుడు న్యాయ సంహితలో 318 అయింది, పేరు మారినా శిక్ష ఉంది. మీ దగ్గర బిల్లు, మెసేజీలు, డబ్బు పంపిన రుజువు ఉంటే అమ్మినవాడి మీద ఫిర్యాదు చేయండి.

నాకూ జరిగింది కాబట్టి మీ బాధ తెలుసు. చాలా ఏళ్ళ కింద ఒకాయన దగ్గర కృష్ణదేవరాయల వరహా కొన్నాను. ఒక పక్క బాలకృష్ణుడు, ఇంకో పక్క నాగరి లిపిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అని మూడు వరసలు. బరువు 3.4 గ్రాములు, సరిపోయింది. బంగారం మేలిమిది. ఇంకేం కావాలి? నాలుగేళ్ళు దాచుకుని మురిసిపోయాను. ఒక రోజు తెలిసినాయన ఇంట్లో అలాంటిదే ఇంకోటి కనిపిస్తే సరదాకి రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాం. నా నాణెం మీద బాలకృష్ణుడి కుడి మోకాలి పక్కన చిన్న గంటు ఉండేది, ఎప్పుడో కింద పడి పడ్డ గంటనుకునేవాణ్ణి. ఆయన నాణెం మీదా అదే చోట, అదే వంపుతో, అదే గంటు. అయిదొందల ఏళ్ళలో రెండు నాణేలు ఒకే రాయి మీద ఒకేలా పడవు కదా. ఎవరో గంటున్న ఒక అసలు నాణేన్ని అచ్చు తీసి, దాన్నుంచి ఎన్ని కావాలంటే అన్ని తీశారు. నా చేతిలో మిగిలింది బంగారం విలువ మటుకే, మిగతాది నా ట్యూషన్ ఫీజు అనుకున్నాను. ఆ రోజంతా మా ఇద్దరికీ భోజనం సహించలేదు, ఆయన పరిస్థితి నాకన్నా అన్యాయం, ఆయన మూడు కొన్నాడు.

దాన్ని నేను కరిగించలేదు. నకిలీ అని ఎర్ర సిరాతో రాసిన కవర్లో పెట్టి ఉంచాను, మా ఇంటికి నాణేలు చూడ్డానికి వచ్చే కుర్రాళ్ళకి ముందు అదే చూపిస్తాను. ఏం తేడా ఉందో చెప్పమంటే అందరూ బంగారం రంగు గురించీ అక్షరాల గురించీ మాట్లాడతారు, ఇప్పటిదాకా ఒక్క అమ్మాయి మాత్రం "అంకుల్, ఇలాంటిదే ఇంకోటి ఉందా" అని అడిగింది.

వచ్చే నెలకి ఉత్తరాలు పంపేవాళ్ళు నాణెం రెండు వైపులా ఫోటోతో పాటు అంచు ఫోటో, బరువు కూడా పంపండి. తోమిన నాణేల ఫోటోలు దయచేసి పంపకండి, చూసి బాధపడటం తప్ప నేను చేయగలిగేది ఏమీ ఉండదు.